మదర్‌బోర్డుల వయసు చెప్పిన మా ఎదురింటి అక్క

పోయిన నెల ఒక బుధవారం, బోధన్‌లో నేను క్లాసు చెబుతుండగా ఫోను మోగింది. మా ఎదురింటి అక్క కూతురు. "మామా, అమ్మ పోయింది" అన్నది. తర్వాత ఏడుస్తూనే చెప్పింది: "పొద్దుగాల్ల మంచిగనే చాయ్ తాగింది. షాపు తీసింది. నిన్న బాగుచేసి ఇచ్చిన బోర్డు నడుస్తున్నదా లేదా అని వాళ్లకు ఫోన్ చేసి అడిగింది. నడుస్తున్నదన్నరు. ఫోన్ పెట్టి కుర్చీల అట్లనే ఒరిగింది మామా."

క్లాసులోకి తిరిగి వెళ్లి పిల్లలకు చెప్పాను. వాళ్లలో సగం మందికి ఆమె తెలుసు. ఎవరూ సెలవు అడగలేదు. ఒక అమ్మాయి లేచి, "అక్క గురించి చెప్పండి సార్" అన్నది. ఆ రోజు చెప్పలేకపోయాను. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

నిజామాబాద్‌లో మా ఇంటికి ఎదురిల్లు ఆమెది. నాకంటే పన్నెండేళ్లు పెద్ద. వాళ్లింట్లో అందరూ బీడీలు చేసేవాళ్లు. పదో తరగతి పాసయ్యేదాకా ఆమె కూడా చాట ఒళ్లో పెట్టుకుని, అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టింది. ఆ తర్వాత ఎవరినీ అడక్కుండా ఐటీఐకి వెళ్లి రేడియో, టీవీ మెకానిక్ కోర్సులో చేరింది. ఆ తరగతిలో ఆడపిల్ల తనొక్కతే. నాలుగు రోజులు పోయి అదే మానుకుంటుందిలే అని వాళ్ల బాపు ఊరుకున్నాడట. ఆమె మానలేదు. సర్టిఫికెట్ తెచ్చి దేవుడి పటాల వరుసలో మేకు కొట్టి తగిలించింది. పెళ్లయ్యాక బావ చెరుకు లారీ మీద వెళ్లేవాడు. ఆమె వీధివైపు గదిలో టీవీలు బాగుచేసేది.

ఎనభైల చివర, నేను హైస్కూల్లో ఉన్నప్పుడు చూసిన సంగతి ఒకటి చెప్తాను. రెంజల్ నుంచి ఒక పెద్దాయన బ్లాక్ అండ్ వైట్ టీవీని దుప్పట్లో చుట్టుకుని బస్సులో తెచ్చాడు. గదిలోకి తొంగిచూసి, "మెకానిక్ లేడా బిడ్డా?" అన్నాడు.

"నేనే పెద్దయ్యా. కూసో."

"నువ్వా? మీ ఆయన ఎప్పుడొస్తడు?"

"ఆయనకు స్క్రూడ్రైవర్ పట్టరాదు పెద్దయ్యా. నువ్వు చెప్పు, గీ టీవీ ఇంట్ల ఏడ పెట్టిండ్రు?"

"ఏడ పెడితే ఏంది? గోడల అల్మారుంది, దాంట్ల పెట్టినం."

"గోడకు అవతల ఏముంది?"

"పొయ్యి."

ఆమె వెనక మూత విప్పి, లోపలి నుంచి చిటికెన వేలంత డబ్బా ఒకదాన్ని పీకి ఆయన అరచేతిలో పెట్టింది. కండెన్సర్. కరెంటును కాసేపు పట్టి ఉంచి, అవసరమైనంత నిలకడగా వదిలే చిన్న డబ్బా. దాని నెత్తి ఉబ్బి ఉంది. "ఉడికి ఉడికి గిట్లైంది. కొత్తది ఏస్త. కాని నువ్వు టీవీని ఆడికెళ్లి తియ్యకుంటే మల్ల నా దగ్గరికే వస్తవ్" అన్నది.

పెద్దాయన ఏడాది తర్వాత మళ్లీ వచ్చాడు. ఈసారి చేతిలో టీవీ లేదు, బెల్లం ముద్ద ఉంది. "మల్ల చెడలేదు బిడ్డా" అని చెప్పడానికే రెంజల్ నుంచి వచ్చాడు. ఆ రోజు అక్క ముఖం చూడాల్సింది. బాగుచేసినందుకు ఆమెకు అంత సంతోషం ఉండేది కాదు. బాగుచేసింది నిలిచిందని తెలిసినప్పుడు మాత్రం వీధి వీధంతా వినిపించేలా నవ్వేది.

నేను హైదరాబాద్‌లో కంప్యూటర్ చదువు పూర్తిచేసి, బోధన్‌లోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌గా చేరేనాటికి, నిజామాబాద్‌లో వీధికొక ఇంటర్నెట్ సెంటర్ పుట్టుకొచ్చింది. అక్క బల్ల మీద టీవీలు తగ్గి మదర్‌బోర్డులు పేరుకున్నాయి. కంప్యూటర్లో మిగతా భాగాలన్నీ వచ్చి తగులుకునే పెద్ద పలక అది. అది పోతే అన్నీ పోయినట్టే. ఆ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. చచ్చిన బోర్డులను విప్పుకుంటూ తనే నేర్చుకుంది.

నేను ఒక కంప్యూటర్ పత్రికకు చందా కట్టేవాణ్ని. ప్రతి నెలా కొత్త బోర్డులను పరీక్షించి, వేగం కొలిచి, మార్కుల్లా ఐదు దాకా చుక్కలు వేసేవాళ్లు. ఐదు చుక్కలు వచ్చిందంటే నాకు ఇక వేరే మాట అక్కర్లేదు. చదివాక అక్కకు ఇచ్చేవాణ్ని. ఆమె ఇంగ్లీషును కూడబలుక్కుంటూ, ఫొటోలను భూతద్దంతో చూస్తూ చదివేది. ఒకరోజు అడిగింది:

"తమ్మీ, గీళ్లు గీ బోర్డును ఎన్ని దినాలు నడిపిండ్రు?"

"వారమో, పది దినాలో అక్కా."

"వారానికే ఐదు చుక్కలేసిండ్రా? అత్తగారింట్ల వారముండి వచ్చిన పిల్ల ముచ్చట లెక్కున్నది గిది."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. మంచం కింది నుంచి ఇనుప ట్రంకు లాగింది. దాంట్లో ఆమె బాగుచేయలేకపోయిన బోర్డులు. ప్రతి దానికీ దవాఖానలో వాడే తెల్ల పట్టీ ముక్క అంటించి ఉంది. ఏ నెలలో కొన్నారు, ఏ నెలలో చచ్చింది, రేకుల కప్పా స్లాబా, స్టెబిలైజర్ ఉందా లేదా, అన్నీ రాసింది. నేను ఐదు చుక్కలు చూసి మురిసిన కంపెనీ బోర్డులు అడుగు నుంచి పై దాకా ఉన్నాయి. అన్నింటిలోనూ కండెన్సర్ల నెత్తులు ఉబ్బాయి. కొన్ని పగిలి గోధుమరంగు పొక్కు కట్టాయి.

నాకు పౌరుషం వచ్చింది. చదువుకున్నవాణ్ని కదా. "అక్కా, నీ దగ్గరికి చెడిపోయినయే వస్తయి. మంచిగ నడిచేటివి రావు కద. దవాఖానల కూసొని చూస్తే ఊరంత రోగాలే ఉన్నట్టు కనబడతది" అన్నాను.

కోప్పడుతుందనుకున్నాను. ఆమె భూతద్దం పక్కన పెట్టి ట్రంకులోని బోర్డుల వైపు మళ్లీ చూసింది. "నువ్వు అడిగింది ఖరే తమ్మీ. గది నేను సోచాయించలే" అన్నది.

మర్నాటి నుంచి మూడు వారాలు, మధ్యాహ్నం భోజనం అయ్యాక షాపు మూసి, మోపెడ్ మీద నిజామాబాద్ అంతా తిరిగింది. ప్రతి ఇంటర్నెట్ సెంటర్‌కు, టైపింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు, జిరాక్స్ షాపుకు వెళ్లి అడిగింది: "గీ మిషిన్ ఎప్పుడు కొన్నరు? ఎప్పుడన్న చెడ్డదా? డబ్బా ఒక్కసారి తెరిచి చూస్త, పైస తీసుకోను." కొందరు విసుక్కున్నారు. ఒకడు దుకాణంలోంచి వెళ్లగొట్టాడట. ఆమె బతికి ఉన్నవాటిని కూడా రాసుకుంది. అవి బతికిన నెలలూ రాసుకుంది. తిరిగి వచ్చి నా ముందు కూర్చుని, "నీ మాట ఇనకుంటే తప్పు చెప్పేదాన్ని. నేననుకున్నంత ఘోరం లేదు. కాని గా చుక్కల కంపెనీయి రెండేండ్లు దాటినయి తీసుకుంటే సగానికి దగ్గర పోయినయ్. చుక్కలు ఎక్కువ రాని ఇంకో కంపెనీయి చూడు, నిదానంగ నడుస్తున్నయ్ గని నడుస్తున్నయ్" అన్నది.

సరిగ్గా ఆ నెలలోనే మా కాలేజీ వాళ్లు ఇరవై కంప్యూటర్లతో ల్యాబ్ పెట్టాలనుకున్నారు. హైదరాబాద్ నుంచి డీలర్ వచ్చాడు. పత్రికలో ఆ ఐదు చుక్కల కంపెనీ బోర్డు ఉన్న పేజీ తెరిచి, కాలేజీ నడిపే కరెస్పాండెంట్ గారి బల్ల మీద పెట్టాడు. కాలేజీకి రిపేర్లు చేసేది అక్కే కాబట్టి ఆమెనూ పిలిచారు. ఆమె గోనెసంచిలో చచ్చిన బోర్డులు వేసుకుని బోధన్ బస్సెక్కి వచ్చింది. ఒక్కొక్కటే తీసి, ఆ నున్నటి పత్రిక పక్కన పేర్చింది.

డీలర్ నవ్వాడు. కరెస్పాండెంట్ గారు కూడా కొంచెం నవ్వి, "ఇంత పెద్ద పత్రికోళ్ల కంటె నీకు ఎక్కువ ఎరుకనా అమ్మా?" అన్నారు.

"నాకు ఎక్కువ ఎరుక లేదు సార్. వాళ్లు ఎంత ఉరుకుతదో చూసిండ్రు. గది ఖరే రాసిండ్రు. ఎన్నేండ్లు ఉరుకుతదో వాళ్లు చూడలే. నేను గది చూసిన."

ఆయన నా వైపు తిరిగి, "లెక్చరర్ సాబ్, మీరేమంటరు?" అని అడిగారు.

ఇది రాయడం నాకు ఇప్పటికీ కష్టంగా ఉంది. మూడు వారాలు ఎండలో తిరిగి ఆమె తెచ్చింది నేను నా కళ్లతో చూశాను. అయినా, పత్రికను కాదని టీవీ మెకానిక్ మాట పట్టుకున్నాడని అంటారేమోనని భయపడ్డాను. కొత్త ఉద్యోగం. "పత్రికల మంచిగనే రాసిండ్రు సార్" అన్నాను. అక్క నా వైపు చూడలేదు. బోర్డులను సంచిలో పెట్టుకోవడం మొదలుపెట్టింది.

ఏమనుకున్నారో, కరెస్పాండెంట్ గారే ఆమెను ఆపారు. "సరే, నీ మాట ఎందుకు తీసేయాలె? పదిహేను గివి, ఐదు నువ్వు చెప్పినయి" అన్నారు. ఆమె ఒక్కటే అడిగింది: "ఇరవైని ఒక్క రూముల, ఒక్క కరెంటు లైను మీదనే పెట్టండి సార్. అన్నింటికి తారీకు అంటిస్త." తెల్ల పట్టీ ముక్కలు తనే అంటించి వెళ్లింది. బస్టాండుకు వెళ్లేదాకా నాతో మామూలుగానే మాట్లాడింది. అదే నాకు ఎక్కువ బాధ.

మొదటి ఏడాది ఇరవైలో ఒక్కటే పోయింది. అది అక్క చెప్పిన ఐదింటిలోది. వానాకాలంలో చచ్చింది. డీలర్ ఫోన్ చేసి మరీ నవ్వాడు. నేను మొహమాటపడుతూ అక్కకు చెప్పాను. ఆమె వెంటనే, "రాయి తమ్మీ. నాది పోయిందని దాచిపెడితే ఇగ నేను రాసుడు దేనికి?" అన్నది.

రెండో ఎండాకాలంలో, ప్రాక్టికల్ పరీక్షలు పదిహేను రోజుల్లో ఉన్నాయనగా, చుక్కల బోర్డులు కూలడం మొదలైంది. పిల్లలు పని చేస్తుండగానే తెర బిగుసుకుపోయేది. తర్వాత వాటంతట అవే ఆగి మొదలయ్యేవి. తర్వాత బటన్ నొక్కినా పలికేవి కావు. వారంలోపు పదిహేనులో తొమ్మిది చచ్చాయి. మిగతా ఆరింటిని తెరిచి చూస్తే, వాటి కండెన్సర్లూ ఉబ్బి ఉన్నాయి. అక్క చెప్పినవాటిలో మిగిలిన నాలుగూ నడుస్తూనే ఉన్నాయి. డీలర్ వారంటీ అయిపోయిందన్నాడు.

కరెస్పాండెంట్ గారు నన్ను పిలిచి తలుపు వేశారు. "ల్యాబ్ లేకుంటే పరీక్ష సెంటర్ నిజామాబాద్ పోతది. మన ఆడపిల్లలను ఇంట్లోళ్లు అంతదూరం పంపరు. సగం మందికి ఏడాది ఖరాబైతది. నువ్వే మంచిగున్నయంటివి కద?" అన్నారు. నేను తల వంచుకుని బయటికి వచ్చి, తిన్నగా నిజామాబాద్ బస్సెక్కాను.

అక్క అన్నం తింటోంది. నా ముఖం చూసి కంచం పక్కకు జరిపి, "తిన్నవా?" అన్నది. లేదన్నాను. ఇంకో కంచం పెట్టింది. నేను రెండు ముద్దలు తిన్నాక అడిగింది: "ఎన్ని పోయినయ్?"

"తొమ్మిది. మిగిలినయి కూడ ఉబ్బినయ్. అక్కా, ఆ దినం నేను నీ దిక్కు మాట్లాడకపోతిని..."

"నువ్వు నన్ను అడిగిన సవాలు వల్లనే కద నేను ఊరంత తిరిగిన. లేకుంటే నేను నా ట్రంకు చూసుకొని మురుసుకుంట కూసునేదాన్ని. ఇగ గది ఇడిసిపెట్టు. కండెన్సర్లు తేవాలె. చవుకయి తెస్తే మల్లదే కథ. రేపు పొద్దుగాల హైదరాబాద్ పో. నేను రాసిచ్చిన కంపెనీయే తే. లేదంటే ఖాళీ చేతుల్తోని రా, గని ఇంకోటి తేకు."

కోఠిలో ఏడు దుకాణాలు తిరిగితే ఎనిమిదో దానిలో దొరికాయి. మూడో రోజు పొద్దున అక్క బోధన్ ల్యాబ్‌లో కూర్చుంది. నాలుగు రోజులు, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా. ఫ్యాన్ వేస్తే సోల్డరింగ్ ఐరన్ వేడి తగ్గుతుందని ఫ్యాన్ కూడా లేదు. బోర్డులోని వెడల్పాటి రాగి పొర ఎంత వేడి పెట్టినా లాగేసేది, సీసం కరిగేది కాదు. ఆమె రెండు ఐరన్లు రెండు చేతులా పట్టుకుని ఒకేసారి ఆనించి, నన్ను కండెన్సర్ లాగమనేది. తర్వాత కుట్టుసూదితో రంధ్రం శుభ్రం చేసేది. ఆ సూది ఎంత సన్నగా తిప్పేదో! మా విద్యార్థినులు ముగ్గురు ఆశ్చర్యపోయి చూస్తుంటే, "బీడీ మూతులు మూసిన వేళ్లు గివి బిడ్డా. గీ రంధ్రం వాటికి దర్వాజ లెక్క" అన్నది. రెండో రోజుకు ఆ ముగ్గురి చేతుల్లోనూ ఐరన్లు పెట్టింది. కాలిన వేళ్లకు కొబ్బరినూనె రాస్తూనే పని చేయించింది.

నాలుగో రోజు మధ్యాహ్నం, పరీక్షకు ఇంకా రెండు రోజులుందనగా, పిల్లలందరినీ లోపలికి పిలిచింది. ఒక్కో కంప్యూటర్ ముందు ఒక్కరిని నిలబెట్టి, "అందరు ఒక్కసారే నొక్కుండ్రి" అన్నది. గది నిండా కీచుమని మోత లేచింది. తెరలు వెలిగాయి. పదిహేనులో పద్నాలుగు! పిల్లలు అరిచిన అరుపుకు పక్క క్లాసుల వాళ్లు పరుగెత్తుకొచ్చారు. ఒక అమ్మాయి అక్కను నడుము పట్టి ఎత్తేసింది. పలకని ఆ ఒక్కటీ నా చేతిలో కాలిపోయినది. అక్క దాని పట్టీ మీద రాయిస్తూ, "గిది నీ పేరు మీద రాయి తమ్మీ, కంపెనీ పేరు మీద కాదు" అన్నది. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేను నవ్వాను.

కరెస్పాండెంట్ గారు వచ్చారు. అక్క ఉబ్బిన కండెన్సర్‌ను ఆయన ముందు పెట్టి, "ఏలు పెట్టి చూడండి సార్" అన్నది. ఆయన తడిమి చూశారు. "ఇగ నుంచి నిన్ను అడిగే కొంట అమ్మా" అన్నారు.

"నన్ను అడుగుడెందుకు సార్? కొని రెండేండ్లు వాడినోళ్లను అడగండి. ఒక్కరిని కాదు, పది మందిని. నా ఐదింటిని చూసి కూడ నమ్మకండి. ఐదు మిషిన్లతోని దునియా సంగతి చెప్పరాదు."

పరీక్షలు మా ల్యాబ్‌లోనే జరిగాయి. హాల్ టికెట్ తీసుకున్న ప్రతి అమ్మాయీ వచ్చి రాసింది.

ఆ ఎండాకాలం సెలవుల్లో అక్క చెబుతుంటే నేను ఇంగ్లీషులో రాసి, ఆ పత్రికకు ఉత్తరం పంపాం. నేను కోపంగా రాసిన వాక్యాలన్నీ ఆమె కొట్టేయించింది. "వాళ్లు దొంగలు కాదు. నెలకో పుస్తకం అచ్చు కావాలె, నాలుగేండ్లు ఆగి రాస్తె ఎవరు కొంటరు? మనం అడిగేది అడుగుదాం" అన్నది. రెండే అడిగింది. ఎన్ని రోజులు నడిపి చూశారో ప్రతి పరీక్ష కింద రాయండి. పోయిన ఏడాది చుక్కలిచ్చిన బోర్డులు ఇప్పుడెట్లా ఉన్నాయో పాఠకులనే అడిగి అచ్చెయ్యండి.

సగం కత్తిరించి, ఒక మూల అచ్చేశారు. షాపు చిరునామా మాత్రం ఉంచారు. అంతే, ఉత్తరాలు మొదలయ్యాయి. కరీంనగర్ నుంచి, ఆదిలాబాద్ నుంచి, నాందేడ్ నుంచి, లాతూర్ నుంచి. ఏ బోర్డు, ఎప్పుడు కొన్నాం, ఎట్లా ఉంది. మరాఠీ ఉత్తరాలను బోధన్ మార్కెట్లో ఉల్లిగడ్డల వ్యాపారి ఒకాయన చదివిపెట్టేవాడు. కొనేముందు నాందేడ్ దుకాణదారులు ఫోన్ చేసి, "తాయీ, ఏది నిలుస్తది?" అని అడిగేవాళ్లు. తాయీ అంటే మరాఠీలో అక్క. ఆమె ఎప్పుడూ ఒక పేరు చెప్పి ఊరుకునేది కాదు. ఎందరు చెప్పారో, ఎన్నేండ్లదో, తనకు తెలియనిదేమిటో కూడా చెప్పేది. ఏడాది తర్వాత ఆ పత్రికలో పాత బోర్డుల బాగోగులకు ఒక పేజీ మొదలైంది. అది మా ఉత్తరం వల్లేనని నేను ఊరంతా చెప్పబోయాను. "రుజువేముంది?" అని అక్క నా నోరు మూయించింది. కానీ ఆ పేజీ వచ్చిన రోజు మా వీధిలో అందరికీ జిలేబీ పంచింది. ఎందుకని అడిగితే ఊరికేనన్నది.

ల్యాబ్‌లో ఐరన్ పట్టిన ఆ ముగ్గురు అమ్మాయిల్లో ఒకామె ఇప్పుడు బోధన్‌లోనే సొంతంగా రిపేరు షాపు నడుపుతోంది. ఇంకొకామె మా కాలేజీలోనే లెక్చరర్. కొత్త ల్యాబ్ కొన్నప్పుడు ఆమె డీలర్‌ను అడిగిన ప్రశ్నలు విని నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను.

పోయిన చలికాలం అక్క చివరిసారి మా కాలేజీకి వచ్చింది. గంట మాట్లాడమంటే రెండున్నర గంటలు మాట్లాడింది. పిల్లలు వదల్లేదు. బస్టాండు దాకా ముప్పై మంది వెంట వచ్చారు. దారిలో ఆగిన చెరుకు ట్రాక్టర్ నుంచి ఎవరో ఒక గడ లాగి ఆమె చేతిలో పెట్టారు. కిటికీ పక్క సీట్లో కూర్చుని, పంటితో చీల్చి నములుతూ, పిప్పి బయటికి ఊస్తూ, అడిగినదానికల్లా జవాబిస్తోంది. బస్సు కదిలింది. ఇద్దరమ్మాయిలు ఇంకా ఏదో అడుగుతూ పక్కనే పరుగెత్తారు. ఆమె మెడ బయటికి చాపి, చెరుకు గడను గాల్లో ఊపుతూ గట్టిగా చెబుతోంది. ఇంజిను మోతలో మాట వినిపించలేదు. అమ్మాయిలు పరుగు ఆపలేదు. ఆమె చెప్పడం ఆపలేదు.